పావులూరి గణితంలో చదరంగం లెక్క

తెలుగులో తొలి గణిత గ్రంథం 11వ శతాబ్దానికి చెందిన పావులూరి మల్లన రచించిన సారసంగ్రహ గణితం. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహం దీనికి మూలం. మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను ఛందస్సులో నడిపించడం సామాన్యమైన పని కాదు.

మల్లన పేరు నిలబెట్టిన పద్యం చదరంగం గళ్ల లెక్క. మొదటి గడిలో ఒక గింజ, రెండోదానిలో రెండు, మూడోదానిలో నాలుగు, ఇలా 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? ఇది గుణశ్రేణి. ఒక్కో గడినీ కూడనక్కర్లేదు. 64ను సగాలు చేస్తూ పోతే ఆరు మెట్లలో 1కి చేరుతుంది కాబట్టి 2ను ఆరుసార్లు వర్గం చేస్తే చాలు: 4, 16, 256, 65,536, 4,29,49,67,296, ఆపై 18446744073709551616. అందులోంచి 1 తీసేస్తే జవాబు. వర్గాలతో గుణశ్రేణి మొత్తాన్ని రాబట్టే ఈ ఉపాయం మహావీరుని గ్రంథంలోనే ఉంది.

ఈ 20 అంకెల జవాబును పద్యంలో ఇమిడ్చిన తీరు మరింత అందమైనది. ఒక్కో అంకెకు బదులు ఒక్కో పదం వాడాడు. శరం అంటే మన్మథుని బాణాలు, అంటే 5. శశి 1, వేదం 4, గగనం 0. పదాలను వరసగా చదువుతూ అంకెలను ఒకట్ల స్థానం నుంచి ఎడమకు వేసుకుంటూ పోవాలి. పద్యం నోటికి వస్తే సంఖ్య మొత్తం నోటికి వచ్చినట్టే.