పాత జావా, యెజ్డీ కొనేముందు: అసలు బండా, ముస్తాబు చేసిందా, విడిభాగాల మూటా?

ఆదివారం మా సంఘం ఆఫీసుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది మైనారిటీ సర్టిఫికెట్ల ఫారాలు, పింఛను కాగితాలు పట్టుకొస్తారు. ఈ మధ్య వాటితోపాటు పాత ఆర్‌సి పుస్తకాలు కూడా టేబుల్ మీదికి వస్తున్నాయి. "నాన్నగారి జావా షెడ్డులో ఉంది, బాగుచేయించమంటారా, అమ్మేయమంటారా?" అని ఒకరు అడుగుతారు. "హిందూపురంలో ఒక రోడ్‌కింగ్ చూశానండి, బెంగళూరుకు తెచ్చుకోవచ్చా?" అని ఇంకొకరు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

మైసూరు యాదవగిరిలోని ఐడియల్ జావా ఫ్యాక్టరీలో 1961లో, చెక్ కంపెనీ లైసెన్సుతో 250 సీసీ జావా తయారీ మొదలైంది. 1973 నుంచి అదే ఫ్యాక్టరీ బండ్లు యెజ్డీ పేరుతో వచ్చాయి. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా పేరుతో, 2022లో యెజ్డీ పేరుతో మళ్లీ కొత్త బండ్లు వచ్చాయి గానీ అవి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు. వాటి సామాను పాతవాటికి పట్టదు. కాబట్టి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు సామాను ఇప్పుడు ఎంత మిగిలి ఉందో అంతే. కొత్తగా పుట్టదు.

అమ్మకానికి వచ్చే బండ్లు మూడు రకాలు. మొదటిది ఫ్యాక్టరీలో ఎలా తయారైందో దాదాపు అలాగే ఉండి, వాడకం వల్ల అరిగిన అసలు బండి. రెండోది విప్పి, రంగు వేసి, ప్లేటింగ్ చేయించి నిలబెట్టిన బండి. మూడోది ప్రాజెక్టు బండి. ఫ్రేము ఒకచోట, ఇంజను గోనెసంచిలో, మిగతాది మాటల్లో ఉంటుంది. అమెరికాలో పాత మస్టాంగ్, కమారో కార్లు కొనేవాళ్లు కూడా ఇవే మూడు రకాల మధ్య కొట్టుమిట్టాడతారట. అక్కడ కారు, ఇక్కడ బండి, అంతే తేడా.

నా ఓటు అసలు బండికి. రంగు వెలిసిపోయినా, సీటు చిరిగినా సరే. మెరూన్ రంగు మీద బంగారు గీత, ట్యాంకు పక్కల క్రోము, ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు, కిక్కూ గేరూ ఒకే లివరు, ఇవన్నీ ఫ్యాక్టరీవే అయి ఉంటే ఆ బండి విలువ రంగు డబ్బాతో వచ్చేది కాదు. అసలుదో కాదో తెలుసుకోవడానికి పైన చూస్తే లాభం లేదు. సీటు ఎత్తి చూడండి, ట్యాంకు కింద చూడండి, టూల్ బాక్సు లోపల చూడండి. అక్కడి పాత రంగు ఆర్‌సిలో రాసిన రంగుతో కలవాలి. పైన నలుపు, లోపల మెరూన్ ఉంటే మధ్యలో ఎవరో చేయి పెట్టారన్నమాట. అది తప్పేమీ కాదు, కానీ అసలు బండి ధర అడగడం మాత్రం తప్పు.

షెడ్డులో తండ్రిగారి బండి ఉన్నవాళ్లకు ఒక మాట. తొందరపడి పెయింటరుకు అప్పగించకండి. ఒకసారి గీకేసిన ఫ్యాక్టరీ రంగు మళ్లీ రాదు. ముందు ఇంజను తిరిగేలా, బ్రేకులు పట్టేలా చేయించి ఒక ఏడాది నడపండి. అప్పుడు కూడా రంగు వేయాలనిపిస్తే వేయండి.

ఎక్కువమంది మోసపోయేది ముస్తాబు చేసిన బండి దగ్గరే. ముస్తాబులో రెండు రకాలున్నాయి. ఇంజను పూర్తిగా విప్పి, క్రాంకు బేరింగులు, సీళ్లు మార్చి, సిలిండరు రీబోర్ చేయించి, ఆ తర్వాత రంగు దాకా వచ్చినది ఒకటి. ఇంజను జోలికి పోకుండా పుట్టీ పెట్టి, రంగు కొట్టి, స్టిక్కర్లు అంటించినది రెండోది. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. అడగాల్సింది పని బిల్లులు, పని మధ్యలో తీసిన ఫొటోలు. నిజంగా పని చేయించినవాడు వాటిని దాచుకుంటాడు, అడక్కముందే చూపిస్తాడు.

చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు సిలిండరు మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే మీరు వచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. చల్లారేదాకా కూర్చుని టీ తాగండి. చల్లటి ఇంజను రెండు మూడు కిక్కుల్లో అందుకోవాలి. టూ స్ట్రోక్ కాబట్టి కొంత పొగ సహజమే. కానీ వేడెక్కిన తర్వాత కూడా దట్టమైన తెల్లపొగ వస్తూ, గేరుబాక్సులో ఆయిలు తరచూ తగ్గిపోతోందంటే క్రాంకు సీలు పోయి ఆ ఆయిలు ఇంజనులోకి వెళ్తోందన్నమాట. డైనమో వైపు మూత తీయించి రోటరును పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి. ఆడితే మెయిన్ బేరింగులు అరిగాయి. ఇంజను మొత్తం విప్పాల్సిందే. సిలిండరు ఇప్పటికే ఎన్నిసార్లు బోర్ చేశారో అడగండి. పిస్టను చివరి ఓవర్‌సైజుకు వచ్చేసి ఉంటే తర్వాతి ఖర్చు స్లీవు వేయించడమే.

క్రోము సంగతి సముద్రపు ఒడ్డున ఉండేవాళ్లు ప్రత్యేకంగా గమనించాలి. చెన్నై, యానాం, బరంపురం గాలికి పల్చటి కొత్త ప్లేటింగ్ రెండు వానాకాలాలు దాటడం కష్టం. కింద రాగి, నికెల్ పొరలు సరిగా వేశారా లేదా అన్నది కొన్నప్పుడు తెలియదు, చుక్కలు చుక్కలుగా తుప్పు తేలినప్పుడే తెలుస్తుంది. పాత ప్లేటింగ్ మసకబారినా గట్టిగా ఉంటే దాన్ని అలాగే ఉంచుకోవడం మేలు.

ఇక ప్రాజెక్టు బండి. మీకు పని తెలిసి, స్థలం ఉండి, ఇంట్లోవాళ్ల ఓపిక ఉంటేనే. బెంగళూరు శివాజీనగర్ గుజిరీలోనూ, చెన్నై పుదుపేటలోనూ తిరిగితే సామాను దొరుకుతుంది. కేబుళ్లు, రబ్బర్లు, బ్యాడ్జీలు కొత్తగా చేసినవి కూడా వస్తున్నాయి. దొరకనివి అసలు స్పీడోమీటరు, సరైన సైలెన్సర్లు, పాత జావాలకు వచ్చిన జికోవ్ కార్బురేటరు లాంటివి. కొనేముందు ఉన్నవి కాదు, లేనివి ఏమిటో కాగితం మీద రాసుకోండి. ఆ జాబితా ధర కలిపితే చాలాసార్లు నడిచే బండి ధర దాటుతుంది.

మూడింటికీ వర్తించేది కాగితాలు. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, కాగితం సంగతి కాస్త ఎక్కువ చెబుతానని అనుకున్నా పరవాలేదు. మా సభ్యుల్లో ఒకరు తళతళలాడే రోడ్‌కింగ్ కొన్నారు. ట్రాన్స్‌ఫర్‌కు పెన్సిల్ ప్రింటు తీసినప్పుడు ఫ్రేము మీది అంకెలు ఒక వరసలో లేవు, రెండు అంకెల అచ్చు వేరుగా ఉంది. నంబరు మళ్లీ కొట్టారు. అమ్మినతను ఫోను ఎత్తడం మానేశాడు. బండి ఇప్పటికీ వాళ్ల వరండాలోనే ఉంది. కాబట్టి బేరానికి ముందే ఫ్రేము నంబరు, ఇంజను నంబరు మీరే పెన్సిలుతో రుద్ది తీసుకుని ఆర్‌సితో పోల్చుకోండి. ఇంజను మారి ఉంటే ఆ మార్పు ఆర్‌సిలో ఎక్కిందా లేదా చూడండి.

రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి మోటారు సైకిలు పొడిగింపు రుసుము 300 నుంచి 1,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటినవాటికి ఆ తర్వాత ఇంకా పెరిగింది. గడువు దాటిన ప్రతి నెలకూ 300 అదనంగా కట్టాలని కేంద్ర నిబంధన. పదేళ్లు మూలన పడి ఉంటే అదే 36,000. దీనికితోడు గ్రీన్ ట్యాక్సు. మొత్తం ఎంతవుతుందో మీ ఆర్‌టిఓలో లెక్క వేయించుకున్నాకే ధర మాట్లాడండి.

వేరే రాష్ట్రం బండి అయితే అమ్మేవారి చేత ఫారం 28 మీద ఎన్ఓసి తీయించాలి. మన రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరుకు మార్చుకోవాలి, లైఫ్ ట్యాక్సు కట్టాలి. యజమాని చనిపోయి ఉంటే 29, 30 ఫారాల మీద ఎవరి సంతకాలో పెట్టించి కొనడం నేరం. వారసులు 30 రోజుల్లో ఆర్‌టిఓకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టుకోవాలి. గడువు దాటినవాళ్లు కూడా ముందు ఆ పని ముగించి, తమ పేరు మీదికి వచ్చాకే అమ్మాలి. అన్నదమ్ముల మధ్య మాట తేలక మూలుగుతున్న బండ్లు మన వాళ్ల ఇళ్లలో చాలా ఉన్నాయి.

50 ఏళ్లు దాటిన బండికి 2021 జూలైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు ఉన్నాయి. నంబరులో 'విఎ' అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగింపుకు 5,000. పాత రిజిస్ట్రేషను ఉన్న బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. ఇక్కడే అసలు బండి మాట మళ్లీ వస్తుంది. ఫ్రేము, బాడీ, ఇంజను మార్చకుండా మూలరూపంలో ఉన్నవాటికే ఈ గుర్తింపు. మూడు బండ్ల సామాను కలిపి కట్టినదానికి కష్టం. పైగా వింటేజ్ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు, మరమ్మతులకు తప్ప రోజూ రోడ్డు మీద నడపకూడదు. కూరగాయలకు వెళ్లాలనుకునేవాళ్లు మామూలు పొడిగింపులోనే ఉండండి. 1978 రోడ్‌కింగులకు ఎలాగూ 2028 దాకా ఆ వయసు రాదు.

షెడ్డులోంచి బయటికి తీసినవాళ్లు వెంటనే కిక్కు కొట్టకండి. ప్లగ్గు విప్పి, సిలిండరులో రెండు చెంచాల ఇంజను ఆయిలు పోసి, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు చేత్తో మెల్లగా తిప్పి చూడండి. ట్యాంకులో పాత పెట్రోలు పారబోసి, లోపలి తుప్పు కడిగించండి. కార్బురేటరు శుభ్రం చేయించండి. కొత్త పెట్రోలులో లీటరుకు 30 నుంచి 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు కలిపాకే స్టార్ట్ చేయండి. ఈ బండి తోలడం మరిచిపోయినవాళ్లు, కొత్తగా నేర్చుకునే పిల్లలు ఆయిలు కలపకుండా బంకు నుంచి నేరుగా పోయించుకుని, పిస్టను పట్టేయించుకుని వస్తున్నారు.