చిన్నతెర మీద వేరే లోకాలు

1959 మొదలుకొని పదేళ్లపాటు అమెరికా, బ్రిటన్ టెలివిజన్లలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ కార్యక్రమాలకు ఒక ప్రత్యేకమైన రూపం ఉంది. ఆ రూపం చాలావరకు ఛాయాగ్రాహకుల చేతుల్లో తయారైంది. సినిమాకు దొరికే డబ్బు గానీ, సమయం గానీ వాళ్లకు దొరకలేదు. గంట నిడివి ఎపిసోడ్ చిత్రీకరణ ఆరేడు రోజుల్లో ముగించాలి. అరగంటదైతే ఇంకా తక్కువ రోజుల్లో అయిపోవాలి. ఇంట్లో ఉండే టీవీ తెర చిన్నది, సిగ్నల్ నిలకడగా ఉండేది కాదు. నీడలో ఉన్న వస్తువులన్నీ ఒకే నల్లటి ముద్దలా కనిపించేవి. అందువల్ల టెలివిజన్‌లో సెట్టంతా సమంగా వెలిగించడమే మామూలు పద్ధతి. వేరే లోకాన్ని నమ్మించాల్సిన కథకు ఆ వెలుతురే పెద్ద అడ్డంకి. అట్ట గోడ అట్ట గోడలాగానే, రబ్బరు తొడుగు రబ్బరు తొడుగులాగానే కనబడిపోతాయి.

ఈ అడ్డంకిని మొదట గట్టిగా దాటింది రాడ్ సెర్లింగ్ రూపొందించిన ‘ది ట్విలైట్ జోన్’. 1959 అక్టోబర్ 2న సీబీఎస్‌లో మొదలై, 1964 వరకు 156 ఎపిసోడ్లు నడిచింది. పైలట్ ఎపిసోడ్‌ను ‘లారా’ సినిమాకు ఆస్కార్ అందుకున్న జోసెఫ్ లషెల్ చిత్రీకరించాడు. ఆ తర్వాత భారమంతా ప్రధానంగా జార్జ్ క్లెమెన్స్ మీద పడింది. వందకు పైగా ఎపిసోడ్లు ఆయన కెమెరా పనితనమే. చిత్రీకరణ ఎంజీఎం స్టూడియోలో 35 ఎంఎం ఫిల్మ్ మీద, ఒకే కెమెరాతో, సినిమా తీసినట్టే సాగింది. ఆ స్టూడియోలో పాత సినిమాల సెట్లు, వీధులు సిద్ధంగా ఉండేవి. ‘ఫర్బిడెన్ ప్లానెట్’ సినిమా కోసం చేసిన ఎగిరే పళ్లెం వంటి సామాను కూడా మళ్లీ మళ్లీ పనికొచ్చింది. ప్రేక్షకుడికి తెలిసిన అమెరికన్ వీధినే కాస్త వంకర కోణంలో, ఒక పక్క నుంచే పడే వెలుతురులో చూపిస్తే చాలు, అది పరాయి చోటుగా మారిపోయేది.

క్లెమెన్స్ పనితనం ఎంతటిదో తెలియాలంటే 1960 నవంబర్‌లో ప్రసారమైన ‘ఐ ఆఫ్ ది బిహోల్డర్’ చూడాలి. దర్శకుడు డగ్లస్ హేస్. ఆసుపత్రిలో ఒక యువతి ముఖమంతా కట్లతో మంచం మీద ఉంటుంది. ఆమె ముఖం సరిచేయడానికి వైద్యులు చేస్తున్న చివరి ప్రయత్నం అది. కథ ముగిసేదాకా డాక్టర్లవి గానీ, నర్సులవి గానీ ముఖాలు కనిపించకూడదు. అలాగని కావాలని దాస్తున్నారన్న అనుమానమూ రాకూడదు. అందుకే మనిషి వెలుతురులోకి వచ్చే సరికి వీపు మాత్రమే మనవైపు ఉంటుంది. ఇటు తిరిగే సరికి నీడ పడుతుంది. సిగరెట్ పట్టుకున్న చెయ్యి, గోడ మీది ఆకారం, తెర చాటున కదిలే రూపం, వీటితోనే సంభాషణలన్నీ నడుస్తాయి. ముఖాలు కనిపించవు కాబట్టి హేస్ నటులను వారి గొంతు విని ఎంపిక చేశాడు. కట్లు విప్పే ఘట్టంలో కెమెరా ఆ యువతి కళ్ల స్థానంలోకి వెళుతుంది. ఒక్కో పొర తొలగుతుంటే తెర మీద వెలుతురు పెరుగుతూ వస్తుంది. ఆ తర్వాతే దీపాలు వెలిగి, అందమైన ఆమె ముఖమూ, విలియం టటిల్ మేకప్‌తో పంది మూతుల్లా మారిన మిగతావారి ముఖాలూ ఒకేసారి బయటపడతాయి. ఈ కథ మలుపు కాగితం మీద ఒక్క వాక్యంలో అయిపోయేదే. దాన్ని అరగంటసేపు మోసింది మాత్రం లైటింగ్. క్లెమెన్స్‌కు 1961లో ఎమ్మీ పురస్కారం వచ్చింది.

ఇదే కార్యక్రమం తన బలం ఎక్కడుందో రెండో సీజన్‌లో తెలియకుండానే నిరూపించుకుంది. ఖర్చు తగ్గించేందుకు ఆరు ఎపిసోడ్లను ఫిల్మ్ మీద కాకుండా వీడియో టేపు మీద, స్టూడియోలో అనేక కెమెరాలతో తీశారు. ఆ రోజుల్లో టేపును కత్తిరించి అతకడం కష్టం, బయటి దృశ్యాలకు వీల్లేదు. రచన, నటన బాగానే ఉన్నా ఆ ఆరింటిలో బొమ్మ చదునుగా, నాటకం రికార్డు చేసినట్టుగా ఉంటుంది. కలలాంటి గుణం పోయింది. ఆ ప్రయోగాన్ని అంతటితో ఆపేశారు.

1963లో ఏబీసీలో మొదలైన ‘ది ఔటర్ లిమిట్స్’ నీడలను మరింత దూరం తీసుకెళ్లింది. లెస్లీ స్టీవెన్స్ దీని సృష్టికర్త. ‘సైకో’ స్క్రీన్‌ప్లే రచయిత జోసెఫ్ స్టెఫానో నిర్మాత. ప్రతి ఎపిసోడ్‌లో ఒక వింత జీవి ఉండాలి. స్టెఫానో దాన్ని ‘ఎలుగుబంటి’ అని పిలిచేవాడు. రబ్బరు జీవిని నిండు వెలుతురులో నిలబెడితే పిల్లలు కూడా నవ్వుతారు. ఛాయాగ్రాహకుడు జాన్ నికోలస్ చిత్రీకరించిన పైలట్‌లో దీనికి ఒక ఉపాయం పన్నారు. నటుడికి ఈతగాళ్ల రబ్బరు దుస్తులు తొడిగి, నూనెతో మెరిపించి, బొమ్మను నెగటివ్‌గా తిప్పారు. నలుపు తెలుపై, తెలుపు నలుపై, ఆ జీవి విద్యుత్తుతో తయారైనట్టు కనిపించింది. మొదటి సీజన్‌లో నికోలస్‌తో పాటు పనిచేసిన కాన్రాడ్ హాల్ వెడల్పు లెన్సులు, నేలబారు కోణాలు, ముఖాన్ని సగానికి చీల్చే వెలుతురు వాడాడు. ఆయన తీసిన ‘ది ఆర్కిటెక్ట్స్ ఆఫ్ ఫియర్’లో జీవి కనిపించే ఘట్టాన్ని కొన్ని స్థానిక స్టేషన్లు ప్రసారం చేయకుండా తెర నల్లగా ఉంచాయి. తర్వాత హాల్ సినిమాల్లో మూడు ఆస్కార్లు గెలుచుకున్నాడు. ఆ సినిమాల్లో చూపిన ధైర్యానికి సాధన జరిగింది ఇక్కడే అనిపిస్తుంది.

1966 శరదృతువుకు అమెరికన్ నెట్‌వర్కుల ప్రైమ్‌టైమ్ కార్యక్రమాలు రంగుల్లోకి మారాయి. నలుపు-తెలుపుల్లో నీడ చేసిన పనిని ఇప్పుడు రంగు చేయాల్సి వచ్చింది. అప్పటి ఎన్‌బీసీ మాతృసంస్థ ఆర్‌సీఏ రంగుల టీవీలు అమ్మేది. సెప్టెంబర్ 8న ఎన్‌బీసీలో మొదలైన ‘స్టార్ ట్రెక్’ తెర మీద రంగు పొంగిపొర్లాలని ఆ సంస్థ కోరుకోవడం సహజమే. ఆ బాధ్యత జెర్రీ ఫిన్నర్‌మన్‌కు దక్కింది. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు నిండలేదు. ‘మై ఫెయిర్ లేడీ’ తీసిన హ్యారీ స్ట్రాడ్లింగ్ దగ్గర కెమెరా ఆపరేటర్‌గా పనిచేసి వచ్చాడు.

ఈ కథలు జరిగే అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్ లోపలి గోడలకు వేసింది చాలావరకు బూడిద రంగు. ఫిన్నర్‌మన్ దీపాల ముందు రంగు జెల్ కాగితాలు పెట్టి ఊదా, ఆకుపచ్చ, ఎరుపు వెలుగులను ఆ గోడల మీద పరిచాడు. గోడ మార్చకుండానే గది మారిపోయేది. ఒకే నడవా ఒక ఘట్టంలో ప్రశాంతంగా, మరో ఘట్టంలో ప్రమాదభరితంగా కనిపించేది. పరాయి గ్రహాలకూ అదే మార్గం. స్టూడియోలో వేలాడదీసిన పెద్ద తెర మీద ఒక వారం ఎర్రని ఆకాశం, మరో వారం ఆకుపచ్చ ఆకాశం. ‘అమోక్ టైమ్’ ఎపిసోడ్‌లో నౌక అధికారి స్పాక్ సొంత గ్రహం వల్కన్ వేడి అంతా ఆ ఎరుపులోనే ఉంది. అయితే నటుల ముఖాల మీదికి ఆ రంగులను సాధారణంగా రానివ్వలేదు. చర్మం మామూలు రంగులో ఉంటేనే వెనక ఉన్నది వింతగా తోస్తుంది. నౌక కెప్టెన్ కిర్క్ కళ్ల మీద మాత్రం సన్నని వెలుతురు పట్టీ, స్త్రీ పాత్రల క్లోజప్‌లలో మెత్తదనం తెచ్చే ఫిల్టర్. అప్పటి ఈస్ట్‌మన్ కలర్ ఫిల్మ్ వేగం 50 ఏఎస్‌ఏ మాత్రమే. అంటే దానికి చాలా బలమైన దీపాలు కావాలి. ఆ వేడిలో, అంత తక్కువ వ్యవధిలో ఇన్ని రంగులను అదుపులో పెట్టడం మామూలు సంగతి కాదు. మూడో సీజన్‌లో ఆయన వెళ్లిపోయాక ఆయన ఆపరేటర్ ఆల్ ఫ్రాన్సిస్ ఆ స్థానంలోకి వచ్చాడు.

బ్రిటన్ దారి వేరు. 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలైన ‘డాక్టర్ హూ’కు స్టూడియోలోని ఎలక్ట్రానిక్ కెమెరాలే ఆధారం. అనేక కెమెరాలు ఒకేసారి చూస్తుంటాయి కాబట్టి ఒక్కో షాట్‌కు విడిగా లైటింగ్ చేసే వీలు తక్కువ.  టైటిల్స్ కోసం వీడియో కెమెరాను దాని మానిటర్ వైపే తిప్పారు. తన బొమ్మను తానే చూసుకుంటూ కెమెరా పుట్టించిన వెలుగు అలలే ఆ టైటిల్స్. కథానాయకుడు డాక్టర్‌కు శత్రువైన డాలెక్ తొలిసారి కనిపించడం కూడా కెమెరా తెలివే. ఆ వారం తెర మీద ఉన్నది గోడకు ఆనుకుని వణికే డాక్టర్ సహచరి బార్బరా, ఆమె వైపు సాగే ఒక చెయ్యి మాత్రమే. మనం చూస్తున్నది డాలెక్ కంటితో. దాని పూర్తి ఆకారం కోసం ప్రేక్షకులు ఇంకో వారం ఆగాల్సి వచ్చింది.

చాలా ఏళ్లపాటు ‘డాక్టర్ హూ’లో లోపలి దృశ్యాలు వీడియోలో, బయటివి ఫిల్మ్ మీద ఉండేవి. తలుపు దాటగానే బొమ్మ స్వభావమే మారిపోయేది. 1970 జనవరిలో రంగుల్లోకి వచ్చిన తొలి కథ ‘స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్’ను మాత్రం బీబీసీలో సమ్మె కారణంగా స్టూడియో దొరక్క మొత్తం 16 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. ఆ అవాంతరం దశాబ్దాల తర్వాత మేలు చేసింది. ఫిల్మ్ నెగటివ్‌లో దాగిన వివరాలను కొత్త యంత్రాలతో మళ్లీ బయటకు తీయవచ్చు. 2013లో ఆ కథ హై డెఫినిషన్‌లో విడుదలైంది. ‘స్టార్ ట్రెక్’, ‘ట్విలైట్ జోన్’ ఫిల్మ్ ఎపిసోడ్లకూ అలాగే కొత్త ప్రతులు వచ్చాయి. టేపు మీద తీసిన ఆ ఆరు ఎపిసోడ్లకు అంతకుమించి వెలికితీయడానికి ఏమీ మిగల్లేదు.