అలుకు, కలయంపి, వెల్ల

దక్షిణాపథమునందలి ప్రాచీన దేవాలయ శాసనములను చదువువారికి, గుడి నేలను ఊడ్చి గోమయముతో అలుకువారి జీవనమునకై కొంత భూమిని విడిచిన దానములు అక్కడక్కడ కానవచ్చును. దేవుని యిల్లు గావున ఆ పనికొక విలువయు, ఆ విలువకొక లెక్కయు, ఆ లెక్కకొక శిలాక్షరమును ఏర్పడినవి. మనుష్యుని యింట అదే పనిని తెల్లవారుజామున లేచి, ప్రతిఫలమన్న తలపైన లేక జీవితాంతము చేసిన స్త్రీలకు మాత్రము శాసనములు లేవు. అందుచేత తెలుగువారి గృహశుభ్రతకు చరిత్ర వ్రాయబూనినవాడు స్మృతులలోను, కావ్యములలోను, సామెతలలోను చెదరియున్న జాడలను ఏరుకొనవలసినదే.

మనుస్మృతి నేల శుద్ధియగుటకు ఐదు మార్గములు చెప్పినది: ఊడ్చుట, అలుకుట, నీరు చల్లుట, పైమన్ను గీకివేయుట, ఆవులను అచట నిలుపుట. వీనిలో మొదటి మూడును ఇటీవలివఱకు మన పల్లెలలో ఎడతెగక సాగినవే. వాత్స్యాయనుడు కామసూత్రములలో ఇల్లాలి ధర్మములను చెప్పుచు, ఇల్లు శుచిగను, చక్కగ ఊడ్వబడియు, నేల నునుపుగను, అక్కడక్కడ పూలతో చూపున కింపుగను ఉండవలెనన్నాడు; మట్టినేలకు ఆ నునుపు ఎట్లు వచ్చునో చెప్పు శ్రమను మాత్రము ఆయన తీసికొనలేదు. ఇంతకంటె విచిత్రమేమనగా, ఊడ్చుటను శుద్ధిమార్గములలో చేర్చిన ఆ మనుస్మృతియే, పొయ్యి, తిరుగలి, రోలు, నీటికుండలతోపాటు చీపురునుగూడ గృహస్థుని ఐదు వధస్థానములలో నొకటిగా లెక్కించి, వానివలన తెలియక చేసిన ప్రాణిహింసకు ప్రాయశ్చిత్తముగా పంచమహాయజ్ఞములను విధించినది. చీపురు పట్టినది ఇల్లాలు. యజ్ఞము చేసి పాపము పోగొట్టుకొన్నవాడు యజమాని. ఈ ఏర్పాటు ఎవరికి అనుకూలమో చదువరులే యోచింపవచ్చును.

వాకిట పేడనీటి కలయంపి చల్లి ముగ్గులిడు ఆచారమునకు మన భాషలో చక్కని సాక్ష్యము క్రీడాభిరామమున గలదు. ఓరుగల్లు వీథులను వర్ణించు ఆ కావ్యమున, ప్రతాపరుద్రుని ఆదరమునకు పాత్రురాలైన మాచలదేవి చిత్రశాలా ప్రవేశమునాడు, వాకిట గంధపునీటితో కలయంపి చల్లి, కుంకుమపువ్వుతో ముగ్గులిడి, తామరపూల తోరణములు కట్టిరని యున్నది. వైభవమును చూపదలచిన కవి క్రొత్త ఆచారమును కల్పింపలేదు. సామాన్యుని వాకిట నున్న ఆచారమునే తీసికొని, పేడకు బదులు గంధమును, ముగ్గుపిండికి బదులు కుంకుమపువ్వును ఉంచినాడు. 1949లో సురవరం ప్రతాపరెడ్డిగారు వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఇట్టి కావ్యములే ముఖ్యాధారములగుట ఊరక కాలేదు. రాజుల సంగతి శాసనములు చెప్పినను, వాకిటి సంగతి కవులు చెప్పవలసినదే.

అలుకుట చూచుటకు సులభముగ గన్పట్టును గాని, అది చేతికి అలవడవలసిన విద్య. పచ్చిపేడను నీళ్లతో చిక్కగ కలిపి, అందులోని పుల్లలను పరకలను ఏరివేసి, కావలసినచోట ఎఱ్ఱమన్ను జోడించి, గుడ్డపేలికతోగాని అరచేతితోగాని గదికి దూరపు మూలనుండి మొదలిడి, కూర్చున్నచోటినుండి చేయి చాచినంతమేర అర్ధచంద్రాకారముగ పూయుచు, వెనుకకు వెనుకకు జరుగుచు గుమ్మమువఱకు వచ్చి లేవవలెను. గుమ్మముకడ మొదలిడినచో అలికిన నేలమీద తన యడుగులే పడును. ఆరిన పిమ్మట ఆ చేతివలయములు వరుసలుగ నేలమీద నిలుచును. ఆ వరుసల పొందికను బట్టియే అత్తగార్లు కోడలి పనితనమును నిర్ణయించుచుండిరి. పేడలోని అరుగని గడ్డినార మట్టిని పట్టియుంచుటవలన దుమ్ము రేగదు, సన్నని పగుళ్లు పూడుకొనును. కట్టెలపొయ్యికి ప్రతిదినమును ఈ సంస్కారము తప్పదు: రాత్రి మిగిలిన బూడిద తీసి, పొయ్యి అలికి, ముగ్గుపెట్టిన తరువాతనే నిప్పు రాజేయుదురు. తీసిన బూడిదయు వ్యర్థముగ పోదు; అంట్లు తోముట కదియే సాధనము, ఇత్తడి చెంబులకైనచో చింతపండు తోడగును. ఇంతచేసినను వానకాలపు చెమ్మకును, వేసవి గాలికిని ఆ నేల నాలుగు దినములలో మరల పూర్వస్థితికి వచ్చును. ‘ఇల్లలుకగానే పండుగ కాదు’ అను సామెతను మనము ఏ పనికైనను వాడుదుము గాని, అది పుట్టినచోట దానిలో నడుమునొప్పి యున్నది.

పేడ పని నిత్యమైనచో, సున్నపు పని సాంవత్సరికము. సంక్రాంతి దగ్గఱపడగానే గోడలకు వెల్ల వేయుదురు. సున్నపురాయి దొరకు పల్నాటివంటి సీమలలో రాతిసున్నమును, సముద్రతీరమున గుల్లసున్నమును వాడిరి. పులికాటు సరస్సు అడుగున తరతరములుగ పేరుకొన్న గుల్లలను త్రవ్వితీసి బట్టీలలో కాల్చుట ఆ ప్రాంతమున ఒక జీవనోపాధి. నీళ్లు పోయగానే కుతకుత నుడికి పొగలు గ్రక్కు ఆ సున్నమును నానబెట్టి, పలుచని గుడ్డతో వడగట్టి, తెలుపు నిగ్గుదేలుటకు చిటికెడు నీలిమందు కలిపి, నారకుంచెతో పూయుదురు. వెల్ల కంటికి మాత్రమే కాదు. సున్నమునందలి క్షారము గోడల నాశ్రయించిన పురుగులను చంపును. పండుగకు ముందు ఇల్లు కడుగుట దేవునికిని తప్పలేదు. తిరుమలలో ఉగాదికి, ఆణివార ఆస్థానమునకు, బ్రహ్మోత్సవములకు, వైకుంఠ ఏకాదశికి ముందు జరుగు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనమున, మూలవిరాట్టును వస్త్రముతో కప్పి, ఆలయపు గోడలను, పైకప్పును నీటితో కడిగి, కర్పూరము, గంధము, కస్తూరిపసుపు మొదలగు ద్రవ్యముల పరిమళమును పూయుచున్నారు.

చీపురు కథ కొండలనుండి వచ్చును. వాకిటికి కొబ్బరి ఈనెలదో, ఈతాకుదో సరిపోవును గాని, లోపలి నున్నని నేలకు మన్యపు కొండచీపురే కావలెను; ఆ గడ్డి కంకులను కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి గిరిజనులు సంతలకు దింపుదురు. 1956లో విశాఖపట్టణమున నెలకొన్న గిరిజన సహకార సంస్థ వారియొద్ద కొనుచున్న అటవీఫలసాయములలో ఇదియు నొకటి.

అయితే ఇంత నునుపుగ అలికిన ఇంటి చెత్త ఎచటికి పోయెను? పెరటివెనుక పెంటకుప్పకు, అచటినుండి పొలమునకు. అది మంచిదే. కాని పట్టణములలో మరుగుదొడ్ల మలమును తలపై మోసినవారు ఏ కులములవారో అందఱికిని తెలిసినదే. గడపకు పసుపు రాసిన చేయి ఆ పనిని గూర్చి తలపనైనను తలపలేదు. ఆ నీచపుచాకిరిని నిషేధించుచు చట్టము 1993లో గాని రాలేదు. లోపలి శుచికిని ఊరి శుభ్రతకును గల ఈ యెడమును మొదట మనకు చూపినది రోగభయము. హైదరాబాదున 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు వచ్చిన తరువాత, 1912లో ఆరాయిష్ బల్దియా అను నగరాభివృద్ధి మండలి ఏర్పడి, గాలి వెలుతురు చొరని ఇరుకుపేటలను తొలగించి వెడల్పు వీథులను, క్రొత్త యిండ్లను కట్టించుటకు పూనుకొనెను. ఎలుకయు, దాని యొంటిమీది గోమారియు ముగ్గులను చూచి వెనుదిరుగవని అప్పటికి తెలిసియుండెను.

తాండూరు బండయు, కడప బండయు, వానివెనుక సిమెంటును ఇండ్లలోనికి వచ్చుటతో అలుకుట వంటింటి పొయ్యికి పరిమితమయ్యెను. గ్యాసుపొయ్యి రాగా అదియు నుడిగెను. తడిగుడ్డయు ఫినాయిలును మిగిలినవి. నేల మారినను గుడ్డ పట్టు చేయి మాత్రము చాలయిండ్లలో మారలేదు. మారినచోట అది జీతమునకు వచ్చిన మఱియొక స్త్రీ చేయి యయ్యెను. ఇల్లలుకుచు తన పేరు మరచి, కనబడినవారినెల్ల అడుగుచు తిరిగిన ఈగ కథను మన పిల్లలు నవ్వుచు వినిరి. ఆ ఈగనే తలచుకొని పి. సత్యవతిగారు ‘ఇల్లలకగానే’ అను కథ వ్రాసిరి. అందులో ఒక గృహిణి ఇంటిపనిలో మునిగి తన పేరును మరచిపోవును. భర్తకును పిల్లలకును ఇరుగుపొరుగులకును ఆ పేరుతో పనిలేదు గావున వారెవ్వరును చెప్పలేరు. తుదకు చిన్ననాటి స్నేహితురాలొకతె ఆమెను గుర్తుపట్టి పేరుపెట్టి పిలుచును.