ఫాండీ వెళ్లిన ఊళ్లు

2025 నవంబర్ 18 రాత్రి హాంకాంగ్‌లోని కై టాక్ స్టేడియంలో సింగపూర్ జట్టు ముందు ఒక గోల్ ఇచ్చి, తర్వాత రెండు గోల్స్ కొట్టి గెలిచింది. మొదటిది షావల్ అనువర్ కొట్టాడు, రెండోది ఇల్హాన్ ఫాండీ. ఆ గెలుపుతో సింగపూర్‌కు 2027 జనవరిలో సౌదీ అరేబియాలో మొదలయ్యే ఆసియా కప్‌లో చోటు దొరికింది. 1984లోనూ ఆ కప్‌లో ఆడారు కానీ అప్పుడు ఆతిథ్య దేశం కాబట్టి ఆడారు. మైదానంలో గెలిచి ఆ గడప తొక్కడం ఇదే మొదటిసారి. ఇల్హాన్ పేరు చివర ఉన్నది వాళ్ల నాన్న పేరు. ఆ నాన్న ఫాండీ అహ్మద్. సింగపూర్‌లో ఏ తరంవాళ్లను అడిగినా మొహం వెలిగిపోయే పేరది.

ఆసియా కప్ దగ్గర పడుతోంది కాబట్టి పాత విజయాల జాబితాలు ఎలాగూ అచ్చవుతాయి. నాకు మాత్రం ఊరు విడిచి వెళ్లిన వాళ్ల గురించి రాయాలని ఉంది. పెద్ద కాంట్రాక్టు చూసుకుని పరాయి క్లబ్బుకు వెళ్లిన ఆటగాడు అక్కడ తడబడితే, డబ్బాశకు పోయి చెడ్డాడని తేల్చేస్తాం. మన దగ్గరా అంతే, అక్కడా అంతే. ఫాండీ తరం కథను దగ్గరగా చూసిన కొద్దీ ఆ తీర్పు నాకు అన్యాయంగా తోస్తుంది.

సింగపూర్‌లో ఫుట్‌బాల్ బ్రిటిష్ వాళ్లతో వచ్చింది. 1892లో అక్కడ ఒక ఫుట్‌బాల్ సంఘం పుట్టింది. ఆసియాలో అదే పాతదని వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. 1921లో ‘మలయా’ అనే యుద్ధనౌక సిబ్బంది బహూకరించిన కప్పుతో మలయా కప్ మొదలైతే, ఫైనల్లో సెలంగోర్‌ను ఓడించి తొలి ఏడాదే దాన్ని సింగపూర్ ఎత్తుకుపోయింది. 1929 చివర్లో జలాన్ బేసర్ స్టేడియం తెరిచారు. సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడికి వెళ్లే మన తెలుగువాళ్లకు అది నడిచి వెళ్లేంత దూరం. 1942లో జపాన్ సైన్యం చైనీయులను వరుసల్లో నిలబెట్టి, ఎవరిని చంపాలో ఏరిన చోట్లలో అదొకటి. ఆ మైదానంలో మళ్లీ పిల్లలు బంతి తన్నడం మొదలవడమే నా దృష్టిలో పెద్ద చరిత్ర. యుద్ధం అయ్యాక 1948 లండన్ ఒలింపిక్స్‌కు చియా బూన్ లియోంగ్ అనే చిన్న ఆకారపు ఆటగాడు చైనా జట్టులో సభ్యుడిగా వెళ్లాడు. అప్పటికి సింగపూర్ దేశం కాలేదు. పుట్టిన ఊరి పేరు చొక్కా మీద లేకుండానే అతను ఆడాడు.

అక్కడి నుంచి 1970ల దాకా ఒక్క గంతు వేద్దాం. 1973లో కలాంగ్‌లో నేషనల్ స్టేడియం వచ్చింది. మలయా కప్ అప్పటికి మలేషియా కప్‌గా మారింది. 1977లో అంకుల్ చూ అని అందరూ పిలిచే చూ సెంగ్ క్వీ కోచ్‌గా ఉండగా సింగపూర్ పెనాంగ్‌ను 3-2తో ఓడించింది. ప్రేక్షకుల అరుపులకు ‘కలాంగ్ రోర్’ అని పేరు పడింది. 1980లో మళ్లీ ఫైనల్. కౌలాలంపూర్‌లోని మెర్డెకా స్టేడియంలో సెలంగోర్‌పై 2-1తో గెలుపు. ఆ గెలుపు గోల్ కొట్టిన కుర్రాడికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. ఒకప్పటి జాతీయ గోల్‌కీపర్ అహ్మద్ వార్తాం కొడుకు ఫాండీ.

1982లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అజాక్స్ క్లబ్ అతన్ని కొన్ని రోజులు శిక్షణలో చూసి ఒప్పందం ఇస్తామంది. యోహాన్ క్రైఫ్‌ను తయారుచేసిన అజాక్స్ అది! ఫాండీ దాన్ని వదులుకుని ఇండోనేషియాలోని సురబాయాకు వెళ్లాడు. అక్కడి నియాక్ మిత్ర క్లబ్ మంచి డబ్బు ఇచ్చింది. నియాక్ మిత్రకు ఫాండీతో పాటు సింగపూర్ గోల్‌కీపర్ డేవిడ్ లీ కూడా వెళ్లాడు. భాష దగ్గరిది, తిండి దగ్గరిది, పక్కన మన ఊరి మనిషి. ఆ జట్టు 1982-83 గలతామా లీగ్ గెలిచింది. ఇంతలో ఇండోనేషియా సంఘం విదేశీ ఆటగాళ్లు వద్దని నిషేధం పెట్టింది. లీగ్ గెలిపించినవాడికి రాత్రికి రాత్రి కొలువు పోయింది.

అప్పుడు మళ్లీ హాలండ్ పిలిచింది. ఈసారి పిలిచింది దేశం ఉత్తర కొసన ఉన్న గ్రోనింగెన్. ఆ 1983 వేసవిలోనే ఆ క్లబ్ తన సొంత బిడ్డ రోనాల్డ్ కోమన్‌ను అజాక్స్‌కు ఇచ్చుకుంది. చిన్న క్లబ్బు నుంచి పెద్ద క్లబ్బుకు ఒకడు పైకి పోతుంటే, భూమధ్యరేఖ పక్కనుంచి మరొకడు ఆ ఖాళీ ఊళ్లోకి దిగాడు. కోమన్ అన్న ఎర్విన్ మాత్రం గ్రోనింగెన్‌లోనే ఉన్నాడు. రెండేళ్ల కాంట్రాక్టు మీద వచ్చిన ఫాండీ వయసు 21.

వస్తూనే తొడ కండరం పట్టేసింది. చలిదేశానికి కొత్తగా వెళ్లిన మనవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. ఏడాది పొడవునా ఉక్కపోతలో, చెమటలో కండరాలు వాటంతటవే వేడెక్కే ఊరి నుంచి వెళ్లి, తడిసి బరువెక్కిన గడ్డి మీద గాలికి ఎదురు పరుగెత్తాలి. యూరప్ క్లబ్బుల పోటీ యుయెఫా కప్ మొదటి రౌండ్లో గ్రోనింగెన్ ఏకంగా అట్లెటికో మాడ్రిడ్‌తో తలపడింది. స్పెయిన్‌లో 2-1తో ఓడి, ఇంట్లో 3-0తో గెలిచి బయటపడింది. కొత్త ఊరు, కొత్త జట్టు, చరిత్రలో నిలిచే గెలుపు. అది మన కుర్రాడు లేకుండానే జరిగిపోయింది. ఆ రాత్రి చప్పట్లు కొట్టేటప్పుడు అతని మనసులో ఏముందో ఊహించగలను.

రెండో రౌండ్లో ఎదురొచ్చింది ఇంటర్ మిలాన్. ఆ ముందటి ఏడాది ప్రపంచ కప్ నెగ్గిన ఇటలీ జట్టులోని ఆల్టోబెల్లి, బెర్గోమిలు ఉన్న క్లబ్. 1983 అక్టోబర్ 19 రాత్రి. ఇళ్ల మధ్య ఇరుకుగా ఉండే ఓస్టర్‌పార్క్ స్టేడియం. గ్రోనింగెన్ ఒక గోల్ ఆధిక్యంలో ఉంది. ఒక్క గోల్ చాలదని, తిరుగు మ్యాచ్‌కు ఇటలీ వెళ్లాలని మైదానంలో ఉన్న అందరికీ తెలుసు. ఆట చివరికొచ్చింది. అప్పుడు ఫాండీకి బంతి దొరికింది. కొట్టాడు, లోపలికెళ్లింది. 2-0. యూరప్ పోటీలో గోల్ కొట్టిన తొలి సింగపూర్‌వాడు ఎగిరి గంతేస్తుంటే డచ్చి జనం అతని పేరు పెట్టి అరిచారు. సింగపూర్‌లో ఆ వార్త అందేసరికి తెల్లవారుతూ ఉండి ఉంటుంది. ఆ గోల్ గురించి చెప్పమంటే ఇప్పటికీ ముసలివాళ్లు కుర్చీలోంచి సగం లేస్తారు.

తిరుగు మ్యాచ్ బారీలో జరిగింది. ఇంటర్ 5-1తో గెలిచి గ్రోనింగెన్‌ను ఇంటికి పంపింది. కథల్లో ఈ భాగం తరచుగా రాలిపోతుంది. రాలిపోకూడదనే నా పట్టు. ఓస్టర్‌పార్క్ రాత్రి ఎంత నిజమో బారీ రాత్రి అంత నిజం. ఆ ఓటమి తర్వాత ఫాండీ కుంగిపోలేదు. ఆ మొదటి సీజన్ లీగ్‌లో 10 గోల్స్ కొట్టి అభిమానులకు ఇష్టుడయ్యాడు. రెండో సీజన్లో గజ్జల్లో గాయం. బెంచీ మీద కాలం గడిచింది. లీగ్‌లో ఒక్కటే గోల్. మొత్తం 36 లీగ్ మ్యాచ్‌లు, 11 గోల్స్‌తో 1985లో హాలండ్ అధ్యాయం ముగిసింది.

ఇది వైఫల్యమా? ఇది చదువుతుంటే నాకు మన తులసీదాస్ బలరాం గుర్తొస్తాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు. కోచ్ రహీం సాబ్ చేతిలో సానబట్టిన ఆటగాడు. 1957లో హైదరాబాద్ వదిలి కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. అప్పట్లో ఫుట్‌బాల్‌లో పేరూ డబ్బూ అక్కడే ఉండేవి. 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ మరుసటేడే ఊపిరితిత్తుల జబ్బుతో, చిన్న వయసులోనే, ఆట మానేయాల్సి వచ్చింది. మిగతా జీవితం బెంగాల్‌లోనే గడిచింది, 2023లో అక్కడే పోయాడు. వెళ్లకపోతే బలరాం బలరామయ్యేవాడు కాదు. వెళ్లినందుకు కట్టిన మూల్యం కూడా చిన్నది కాదు.

ఫాండీ తిరిగొచ్చి కౌలాలంపూర్‌కు ఆడాడు. సింగపూర్‌కు కాదు, పక్క దేశపు జట్టుకు. పాత అభిమానులకు అది గుచ్చుకుంది. కానీ అక్కడ అతను ఒంటరి కాడు. మాలిక్ అవాబ్, కె. కన్నన్ కూడా ఉన్నారు. 1987, 1988, 1989, వరసగా మూడేళ్లు కౌలాలంపూర్ మలేషియా కప్ గెలిచింది. ఆ మూడేళ్లూ కలాంగ్‌లో కూర్చున్నవాళ్లు సొంత బిడ్డలు ఎదుటి చొక్కాలో కప్పు ఎత్తడం చూశారు. తర్వాత మలేషియాలోనే పహాంగ్. 1992లో పహాంగ్ లీగ్, కప్ రెండూ గెలిచింది.

ఇదే సమయంలో వి. సుందరమూర్తి కథ చూడండి. తమిళ కుర్రాడు. బంతి కాలికి అంటించుకుని నలుగురి మధ్యలోంచి జారిపోయేవాడు. 1988లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు వెళ్లాడు. బాసెల్ అంటే ఇప్పుడు పెద్ద పేరు. అప్పుడు మాత్రం అది రెండో శ్రేణికి పడిపోయి, లేవడానికి తంటాలు పడుతున్న క్లబ్. పడిన జట్టు కొత్తవాడికి సమయం ఇవ్వదు. సుందరమూర్తి అక్కడ నిలదొక్కుకోలేకపోయాడు. మలేషియాలో కెడాకు వెళ్లాక 1990లో ఆ రాష్ట్రం తన తొలి మలేషియా కప్ గెలుచుకుంది. అదే మనిషి, అవే కాళ్లు. బాసెల్‌లో మాటకు మాట కలిపేవాడు లేడు, కెడాలో ఉన్నారు. నేను ఇంతకాలం చదివినదాంట్లో నాకు కనిపించిన తేడా ఇదొక్కటే. సురబాయాలో డేవిడ్ లీ, కౌలాలంపూర్‌లో మాలిక్, కన్నన్. తోడున్న చోటల్లా కప్పులొచ్చాయి. గ్రోనింగెన్‌కూ బాసెల్‌కూ ఒక్కొక్కరే వెళ్లారు. ఒప్పందం కాగితంలో జీతం రాస్తారు, ఇల్లు రాస్తారు. గాయమైన రాత్రి తలుపు తట్టే మనిషిని రాయరు.

1993లో సుందరమూర్తి ఇంటికొచ్చాడు. కలాంగ్‌లో బ్రూనై మీద గాల్లోకి లేచి వెనక్కి కొట్టిన గోల్ ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతుంది. ఆ ఏడాది ఫైనల్లో సింగపూర్ 2-0తో ఓడింది, అదీ కెడా చేతిలో. మరుసటేడు కొత్త కోచ్ డగ్లస్ మూర్ వచ్చాడు, జట్టులో సుందరమూర్తికి చోటు లేకుండా పోయింది. 1994 డిసెంబర్ 17న షా ఆలంలో ఫాండీ కెప్టెన్‌గా సింగపూర్ 4-0తో పహాంగ్‌ను చిత్తుచేసి, లీగ్‌తో పాటు కప్పూ గెలిచింది. అబ్బాస్ సాద్ మూడు గోల్స్ కొట్టాడు. వేలమంది జనం సరిహద్దు దాటి వెళ్లి చూశారు. అంత అందంగా ఆడిన సుందరమూర్తి ఆ రాత్రి మైదానంలో లేడన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ తర్వాత కథకు వరస లేదు. టికెట్ల డబ్బు దగ్గర తగాదా, మ్యాచ్ ఫిక్సింగ్ మచ్చ, సింగపూర్ మలేషియా పోటీల నుంచి తప్పుకుంది. 1996లో సొంత ఎస్.లీగ్ పెట్టుకుంది. 2012లో లయన్స్ ట్వెల్వ్ పేరుతో మళ్లీ మలేషియా లీగ్‌లో చేరింది, 2013లో గెలిచింది, 2015తో ఆ జట్టూ అయిపోయింది. సఫువాన్ బహారుదీన్ 2015లో మెల్‌బోర్న్ సిటీకి వెళ్లి, ఆస్ట్రేలియా లీగ్‌లో ఆడిన తొలి సింగపూర్‌వాడయ్యాడు. బాగానే మొదలుపెట్టాడు, గోల్స్ కూడా కొట్టాడు, అంతలో గాయం. నా తోడు సిద్ధాంతానికి ఎదురుతిరిగే హారిస్ హరున్ కూడా ఉన్నాడు. అతను మలేషియాలోని జొహోర్‌లో ఏళ్ల తరబడి స్థిరపడి, 2015లో ఆ క్లబ్‌తో ఏఎఫ్‌సీ కప్ గెలిచి, కెప్టెన్ కూడా అయ్యాడు. జొహోర్ వంతెనకు అవతలి గట్టే అనుకోండి.

ఫాండీ కొడుకులకూ వలస వారసత్వంగా వచ్చింది. ఇఖ్సాన్ నార్వే రెండో శ్రేణిలో ఆడి, తర్వాత థాయిలాండ్‌లో బీజీ పాథుమ్‌లో అన్న ఇర్ఫాన్‌ను కలిశాడు. ఇల్హాన్ 2023లో బెల్జియంలోని డైన్జె క్లబ్‌కు వెళ్లాడు. ఆ క్లబ్‌ను అంతకు ముందు కొన్నది సింగపూర్‌లో ఉన్న ఒక సంస్థే. 2024 డిసెంబర్‌లో డైన్జె దివాలా తీసింది, ఆటగాళ్లందరూ వీధిన పడ్డారు. ఆటలో లోపం లేదు, గాయం లేదు, డబ్బు లెక్కే మాయమైంది. అతనూ థాయిలాండ్ దారి పట్టాడు.

ఇక అసలు వెళ్లనివ్వకపోవడం. సింగపూర్ మగపిల్లలందరికీ రెండేళ్ల సైనిక సేవ తప్పనిసరి. 2018లో బెన్ డేవిస్ అనే కుర్రాడికి ఇంగ్లండ్‌లో ఫుల్హామ్ క్లబ్ ఒప్పందం ఇచ్చింది. సేవ వాయిదా వేయమని అడిగితే రక్షణ శాఖ కాదంది. అప్పటికి పదిహేనేళ్లలో క్రీడల కోసం వాయిదా దొరికింది ముగ్గురికే. వాళ్లలో ఒకడైన ఈతగాడు జోసెఫ్ స్కూలింగ్ 2016లో ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. చిన్న దేశం భద్రత ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటుందో నాకు తెలుసు, దాన్ని తేలిక చేయను. కానీ పద్దెనిమిది నుంచి ఇరవై దాకానే ఫుట్‌బాల్ క్లబ్బులు కుర్రాళ్లను ఎంచుకుంటాయి. ఆ రెండేళ్లు పోతే మళ్లీ పిలుపు రాదు. బెన్ డేవిస్ సేవకు రాలేదు. ఇప్పుడతను థాయిలాండ్ జాతీయ జట్టు చొక్కా వేసుకుంటున్నాడు.