మధ్యస్థ హ్యాండ్ (పోకర్)

టెక్సాస్ హోల్డెమ్ పోకర్‌లో ఆటగాడికి మొదట పంచిన రెండు ముక్కలు మరీ గొప్పవీ కాక, వెంటనే పారేయదగినంత చెడ్డవీ కానప్పుడు వాటిని మధ్యస్థ హ్యాండ్ అంటారు. ఆసు-జాకీ, ఆసు-పది, రాజు-రాణి, ఏడు మొదలు పది వరకు గల జంటలు, ఒకే గుర్తులో వరుసగా వచ్చే 9-8 వంటివి ఈ కోవకు చెందుతాయి. ఇటువంటి ముక్కలు చేతిలో ఉండగా, ముందు వంతు వచ్చిన మరొకరు పందెం పెంచితే ఏమి చేయాలన్నది ఈ ఆటలో తరచుగా ఎదురయ్యే చిక్కు. పనికిరాని ముక్కలను ఎవరైనా పారేస్తారు. చూడడానికి బాగున్న ఈ ముక్కలే కొత్త ఆటగాళ్ళ చేత పెద్ద మొత్తాలు పోగొట్టిస్తాయి.

ఆట క్రమం

ఈ ఆటకు పుట్టినిల్లు అమెరికాలోని రాబ్స్‌టౌన్ అని టెక్సాస్ శాసనసభ 2007లో గుర్తించింది. ఒక్కొక్కరికి రెండు ముక్కలు బోర్లా పంచి, తరువాత అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్లపై తెరుస్తారు. మొదట ఒకేసారి తెరిచే మూడింటిని ఫ్లాప్ అని, నాలుగవదానిని టర్న్ అని, ఐదవదానిని రివర్ అని పిలుస్తారు. ప్రతి దశలోను ఒక విడత పందాలు ఉంటాయి. ముక్కలు చూడకముందే ఇద్దరు ఆటగాళ్ళు తప్పనిసరిగా పెట్టవలసిన పందాలను చిన్న బ్లైండ్, పెద్ద బ్లైండ్ అంటారు. వంతు వచ్చిన ఆటగాడు ముక్కలు పారేయవచ్చు, ఎదుటి పందానికి సరిపడా డబ్బు పెట్టి కాల్ చేయవచ్చు, లేదా పందెం పెంచవచ్చు.

52 ముక్కలలో నుండి రెండు ముక్కలు 1,326 విధాలుగా రావచ్చును. ఏదైనా ఒక జంట 6 విధాలుగాను, ఆసు-రాణి వంటి జోడీ 16 విధాలుగాను వస్తుంది. కింది లెక్కలకు ఈ సంఖ్యలే ఆధారం.

అంతరం సూత్రం

ఒక హ్యాండ్ పందెం పెంచడానికి తగినది అయినంత మాత్రాన, ఇతరులు పెంచిన పందెానికి కాల్ చేయడానికి తగినది కాదు. అమెరికా రచయిత, ఆటగాడు డేవిడ్ స్క్లాన్‌స్కీ ఈ తేడాకు అంతరం సూత్రం అని పేరు పెట్టాడు. పందెం పెంచినవానికి గెలవడానికి రెండు దారులున్నాయి: మిగిలినవారందరూ ముక్కలు పారేయవచ్చు, లేదా చివరకు అతని ముక్కలే పెద్దవి కావచ్చు. కాల్ చేసినవానికి ఆ క్షణంలో మొదటి దారి మూసుకుపోతుంది. పైగా ఎదుటివాడు పందెం పెంచి తన ముక్కలు బాగున్నాయని అప్పుడే చెప్పి ఉన్నాడు. కనుక కాల్ చేయడానికి ఇంకా మెరుగైన ముక్కలు కావాలి. అయితే పెంచిన వ్యక్తి ఏ ముక్కలతోనైనా పెంచే అలవాటు గలవాడైతే ఈ అంతరం తగ్గిపోతుంది.

ఆధిపత్యం

రెండు హ్యాండ్లలో ఒక ముక్క సమానమై, రెండవ ముక్క ఒకరిది పెద్దదైతే పెద్దముక్క గలవానికి ఆధిపత్యం ఉన్నదంటారు. ఆసు-రాణికి ఎదురుపడిన ఆసు-జాకీ గెలిచే అవకాశం సుమారు నాలుగింట ఒక వంతు మాత్రమే.

తొమ్మిదిమంది ఉన్న బల్ల వద్ద అందరికంటే ముందు వంతు వచ్చిన జాగ్రత్తపరుడు పందెం పెంచాడనుకుందాం. అతను ఆసు, రాజు, రాణి, జాకీ జంటలతోను, ఆసు-రాజు, ఆసు-రాణిలతోను మాత్రమే పెంచుతాడు. ఎదుటి ఆటగాని చేతిలో ఆసు-జాకీ ఉన్నది. ఒక ఆసు, ఒక జాకీ అతనివద్దే ఉన్నందున పెంచినవానికి ఆసుల జంట 3 విధాలుగా, జాకీల జంట 3 విధాలుగా, రాజుల జంట 6, రాణుల జంట 6, ఆసు-రాజు 12, ఆసు-రాణి 12 విధాలుగా రావచ్చును. మొత్తం 42. వీటిలో ఆసు-జాకీ కంటే చిన్నది ఒక్కటీ లేదు. అన్నింటినీ కలిపి చూస్తే ఆసు-జాకీ గెలిచే అవకాశం పావువంతుకు కాస్త ఎక్కువ.

అసలు ప్రమాదం ఫ్లాప్ తరువాత బయటపడుతుంది. ఫ్లాప్‌లో ఆసు వస్తే ఆసు-జాకీ గలవాడు సంతోషిస్తాడు. కానీ అప్పుడు చిన్న ముక్కలున్న ప్రత్యర్థి పందెం కట్టకుండా తప్పుకుంటాడు. ఆసు-రాజు ఉన్నవాడు మాత్రం చివరివరకు పందెం కడుతూనే ఉంటాడు. అంటే గెలిచినప్పుడు కొద్ది మొత్తం, ఓడినప్పుడు పెద్ద మొత్తం. చేతిలోని డబ్బంతా ఒకేసారి పందెం పెట్టడానికి వీలున్న నో-లిమిట్ ఆటలో ఈ తేడా మరీ తీవ్రం.

స్థానం, ధర

బ్లైండ్లు 1, 2 డాలర్లుగా ఉన్న ఆటలో ఒకరు 6 డాలర్లకు పెంచితే మధ్యలో 9 డాలర్లు ఉంటాయి. పంపకందారు స్థానమైన బటన్‌లో ఉన్నవాడు కాల్ చేయాలంటే 6 డాలర్లు పెట్టాలి. అంటే 15 డాలర్ల కోసం 6, అనగా 40 శాతం. పెద్ద బ్లైండ్ అప్పటికే 2 పెట్టి ఉన్నందున ఇంకా 4 పెడితే చాలు. 13 డాలర్ల కోసం 4, సుమారు 31 శాతం. పైన చెప్పిన జాగ్రత్తపరునికి ఎదురుగా ఆసు-జాకీకి ఈ తక్కువ ధర కూడా గిట్టదు. అదే పెంపు బటన్ నుండి వస్తే పరిస్థితి వేరు. అక్కడినుండి చాలామంది బలహీనమైన ముక్కలతో కూడా పెంచుతారు కనుక పెద్ద బ్లైండ్‌లోని ఆసు-జాకీ సాధారణంగా ముందంజలోనే ఉంటుంది.

ధరతో పాటు స్థానం కూడా ముఖ్యం. ఫ్లాప్ తరువాత చివర వంతు వచ్చేవాడు అందరూ చేసేది చూసి నిర్ణయించుకోగలడు. చిన్న బ్లైండ్‌కు ఫ్లాప్ తరువాతి ప్రతి విడతలోను అందరికంటే ముందు వంతు వస్తుంది. పైగా వెనుక పెద్ద బ్లైండ్ మళ్ళీ పెంచే భయమూ ఉంది. అందుచేత అక్కడ మధ్యస్థ ముక్కలతో ఊరకే కాల్ చేయడం మంచి పద్ధతి కాదని అనుభవజ్ఞుల అభిప్రాయం.

తెలుగువారికి బాగా తెలిసిన రమ్మీతో పోల్చితే ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. 101 పాయింట్ల రమ్మీలో మొదటి డ్రాపుకు 20 పాయింట్లు చెల్లించాలి. పోకర్‌లో బ్లైండ్లలో లేనివారు ఫ్లాప్‌కు ముందు ముక్కలు పారేస్తే పోయేదేమీ లేదు.

జంటలు

మధ్యస్థ జంటల లెక్క వేరు. చేతిలో జంట ఉన్నప్పుడు అదే అంకె ఫ్లాప్‌లో పడే అవకాశం 11.8 శాతం, అంటే సుమారు ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. అలా పడితే ఏర్పడే మూడింటిని సెట్ అంటారు. దీనిని ఎదుటివాడు పసిగట్టడం కష్టం గనుక పెద్ద మొత్తం గెలవవచ్చు. అయితే మిగిలిన ఏడున్నర సార్ల నష్టం పూడాలంటే ఇద్దరివద్దా తగినంత డబ్బు ఉండాలి. కాల్ చేసే మొత్తానికి కనీసం 15 రెట్లు ఉండాలని వాడుకలో ఒక లెక్క ఉంది.

సెట్ పడకపోతే జంట పెద్దదా చిన్నదా అన్నది చూడాలి. పదుల జంట ఉన్నవానికి ఫ్లాప్‌లో పదికంటే పెద్ద ముక్క కనీసం ఒకటి రావడానికి 69 శాతం అవకాశం ఉంది. ఎనిమిదుల జంటకు ఎనిమిది కంటే పెద్దది రావడానికి 87 శాతం. ఒకే గుర్తు గల ముక్కల ఆకర్షణ కూడా లెక్కకు నిలవదు. వాటికి ఫ్లాప్‌లోనే ఫ్లష్ పూర్తయ్యే అవకాశం 0.84 శాతం, ఇంకొక్క ముక్క కావలసిన స్థితి వచ్చే అవకాశం సుమారు 11 శాతం.

మళ్ళీ పెంచడం

పారేయడం, కాల్ చేయడం కాక మూడవ మార్గం తిరిగి పెంచడం. ఆసు-జాకీతో తిరిగి పెంచితే సాధారణంగా దానికంటే చిన్న ముక్కలు తప్పుకుని, పెద్దవే మిగులుతాయి. ఇది మళ్ళీ ఆధిపత్యం చిక్కులోకే దారి తీస్తుంది. కంప్యూటర్ విశ్లేషణ విస్తరించిన తరువాత మంచి ఆటగాళ్ళు ఈ పనికి ఒకే గుర్తు గల ఆసు-5 వంటివాటిని ఎంచుకోవడం పెరిగింది. చేతిలో ఒక ఆసు ఉండడం వలన ప్రత్యర్థికి ఆసుల జంట వచ్చే విధాలు 6 నుండి 3కు, ఆసు-రాజు 16 నుండి 12కు తగ్గుతాయి. ఎవరైనా మళ్ళీ పెంచితే ఈ ముక్కలను బాధ లేకుండా పారేయవచ్చు.

టోర్నమెంట్లలో చిప్స్ తగ్గిపోయినప్పుడు పద్ధతి మారుతుంది. పెద్ద బ్లైండ్‌కు పది రెట్లు మాత్రమే మిగిలినవాడు కాల్ చేసి ఫ్లాప్ చూడడం అరుదు. ఉన్నదంతా పెట్టడమో, పారేయడమో చేస్తాడు. అప్పుడు సెట్ కోసం ఎదురుచూసేందుకు వెనుక డబ్బు ఉండదు.

భారతదేశంలో

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో పేర్కొంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న భేదం లేకుండా దేశమంతటా ఇటువంటి ఆటలను నిషేధిస్తున్నది. పోకర్ కూడా దీని పరిధిలోకి వస్తుంది.