నీలిపూల చీనా కూజా

మామిడికాయ తొక్కు నిలువచేయు జాడీని పింగాణి జాడీ యందురు. వస్తువు చీనాది, ‘పింగాణి’ యను మాట పారసీకమునుండి వచ్చినది. ఈ రెండు దేశముల పొత్తు మాటతో ముగియలేదు.

క్రీ.శ. 14వ శతాబ్దిలో, మంగోలు ప్రభువుల యేలుబడిలో, జింగ్డెజెన్ కుమ్మరులు తెల్లని పాత్రలపై నీలి చిత్తరువులు వ్రాసి, గాజుపూత పూసి, సుమారు 1300 డిగ్రీల వేడిమిలో కాల్చిరి. ఆ మంటకు చెదరని రంగు కోబాల్టు. అందు మేలైనది పారసీకమునుండి దిగుమతి యగుచుండెను.

రంగు వెంట రూపమును వచ్చినది. 15వ శతాబ్ది తొలిపాదమున, యుంగ్లో చక్రవర్తి కాలమున చేసిన బల్లపరుపు కూజాలకు పున్నమి చంద్రునివంటి కడుపు, సన్నని మెడ, రెండు చెవులు గలవు. ఇవి పశ్చిమాసియా లోహపాత్రలను, గాజుపాత్రలను చూచి చేసినవి. వానిపై నల్లుకొన్న తీగలు, నక్షత్రములు నచ్చటివే. చిత్రమేమన, నేడు చీనాకే గుర్తయిన యీ నీలిపాత్రలను 1388 నాటి త్సావ్ జావ్ గ్రంథము మోటువని యీసడించినది!

తెలుగు రేవులకు చీనా సరుకు క్రొత్తగాదు. తుఫానుకు ఒడ్డునబడిన నావల సొమ్మును పూర్వరాజులు బలిమిని లాగికొనెడివారు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి శాసనమున సుంకము మాత్రము గైకొని తక్కినది విడిచెదనని అభయమిచ్చెను. ఆ రేవున చీనా పింగాణి పెంకులు దొరకినవి.

కాగజ్‌నగరమునకు పేరిచ్చిన కాగితమును చీనాలో పుట్టి, సమర్కందు మీదుగా పారసీకము చేరి, అచ్చటి పేరుతోనే యిచ్చటికి వచ్చినది.

హైదరాబాదు సాలార్జంగు మ్యూజియములో నీలిపూల చీనా పాత్రలు గలవు. అటు పోవువారు పూలనేగాక పాత్రల మెడలను, చెవులను గూడ పరికింపవలెను.