యుద్ధానికి స్త్రీముఖం లేదు

యుద్ధానికి స్త్రీముఖం లేదు అనునది బెలారస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సియేవిచ్ (జననం: 1948 మే 31) రష్యన్ భాషలో వ్రాసిన గ్రంథము. రెండవ ప్రపంచ యుద్ధములో సోవియట్ సైన్యమున పనిచేసిన స్త్రీల జ్ఞాపకాలకు ఇది సంకలనము. 1985లో పుస్తకరూపములో వెలువడినది. యుద్ధసాహిత్యములో సత్యమనగా ఏమి, దానిని చెప్పు హక్కు ఎవరిది అను ప్రశ్నలు ఈ గ్రంథమునకు మూలము. రచయిత్రికి 2015లో సాహిత్యములో నోబెల్ బహుమతి లభించినది.

నేపథ్యము

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్‌పై దాడి చేసినది. 1945 వరకు సాగిన ఆ యుద్ధములో 8 నుండి 10 లక్షల మంది స్త్రీలు సైన్యములో పనిచేసిరని అంచనా. వీరిలో నర్సులు, వైద్యులే గాక స్నైపర్లు, విమాన చోదకులు, ట్యాంకు దళాల వారు కూడా ఉన్నారు. అయినను యుద్ధమును గురించి వ్రాసినవారిలో అత్యధికులు పురుషులే. సేనాధిపతులు, విజయములు, వీరమరణములు ఆ రచనలలో ప్రధానాంశములు.

రచనా విధానము

అలెక్సియేవిచ్ 1970వ దశకము చివరిలో టేప్ రికార్డరుతో ఊరూరా తిరిగి వందలాది మాజీ సైనికురాండ్రను కలిసినది. బెలారస్ రచయిత అలెస్ అదమోవిచ్ ఆమెకు మార్గదర్శి. దగ్ధమైన బెలారస్ గ్రామాల వాసుల సాక్ష్యములను ఆయన మరి ఇద్దరు రచయితలతో కలిసి అంతకు ముందే గ్రంథస్థము చేసియుండెను. ఈ పుస్తకములో ఒకే కథకుడు ఉండడు. అనేక కంఠములు ఒకదాని వెంట ఒకటి వినిపించును.

రెండు సత్యములు

ఒకే మనిషిలో రెండు సత్యములు ఉండునని రచయిత్రి గమనించినది. ఒకటి స్వానుభవము, రెండవది పత్రికలు, సభలు నేర్పినది. భార్య ఏమి చెప్పవలెనో ముందురోజే నేర్పిన భర్త ఇందులో కనిపించును. ఏకాంతములో మనసు విప్పి మాట్లాడి, తరువాత వ్రాతప్రతిలో ఆ భాగములనే కొట్టివేసి పంపిన స్త్రీ కూడా ఉన్నది.

గుర్తింపు

కత్తిరించిన జడలు, పురుషుల లోదుస్తులు, కాలికి పట్టని పెద్ద బూట్లు ఈ జ్ఞాపకాలలో పదేపదే వచ్చును. స్త్రీలు చేసిన అనేక సైనిక విధులకు రష్యన్ భాషలో స్త్రీలింగ పదములు కూడా లేవు. యుద్ధము ముగిసిన తరువాత పురుషులు వీరులుగా గౌరవింపబడిరి. స్త్రీలలో అనేకులు మాత్రము నిందలకు వెరచి తమ పతకములను దాచుకొనిరి, తాము యుద్ధమునకు వెళ్ళిన సంగతినే చెప్పుకొనలేదు.

సెన్సారు, విమర్శ

1983లో పూర్తియైన వ్రాతప్రతి రెండేళ్ళు ముద్రణకు నోచుకొనలేదు. సోవియట్ స్త్రీ వీరమూర్తిని కించపరచినదని రచయిత్రిపై ఆరోపణ వచ్చినది. గోర్బచేవ్ అధికారములోనికి వచ్చిన 1985లో ప్రచురింపబడి, మొత్తము సుమారు 20 లక్షల ప్రతులు అమ్ముడైనవి. సెన్సారు తొలగించిన భాగములు, రచయిత్రి తానే విడిచిన భాగములు కొన్ని తరువాతి ప్రచురణలలో చేరినవి.

ప్రచురణకు ప్రచురణకు సాక్షుల మాటలు మారినవని కొందరు పరిశోధకులు విమర్శించిరి. ఆఫ్ఘనిస్తాన్ యుద్ధముపై ఆమె వ్రాసిన మరియొక గ్రంథము విషయములో, తమ మాటలు వక్రీకరింపబడినవని కొందరు సాక్షులు మిన్‌స్క్ న్యాయస్థానమున దావా వేసిరి. అందువలన ఈ గ్రంథములను చరిత్ర పత్రములుగా గాక, సాక్ష్యముల ఆధారముగా నిర్మించిన సాహిత్యముగా చదువుట ఉచితమని వారి అభిప్రాయము.

ప్రభావము

ఈ పుస్తకము రంగస్థలముపై ప్రదర్శింపబడినది. కాంతెమీర్ బలాగోవ్ దర్శకత్వములో 2019లో వచ్చిన రష్యన్ చిత్రము బీన్‌పోల్ దీని ప్రేరణతో నిర్మితమైనది.